ఒకే మందు, రెండు పేర్లు

మే నెలలో విశాఖలో ఎండకంటే ఉక్కపోతే ఎక్కువ చంపుతుంది. పొద్దున్న తొమ్మిదిన్నరకి కంచరపాలెం మార్కెట్ నుంచి కూరల సంచి పట్టుకుని వస్తుంటే కళ్లముందు నల్లగా కమ్మింది. ఎండదెబ్బ అనుకున్నాను. ఇంటికొచ్చి చెప్పులు విప్పడానికి వంగి లేచేసరికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

మా ఆవిడ ఉప్పేసిన మజ్జిగ ఇచ్చింది. తాగాను, తగ్గలేదు. బీపీ మిషన్ తెచ్చి పట్టీ చుట్టింది. అది బిగిసి, వదిలి, మళ్లీ బిగిసి, చివరికి ఎర్రర్ చూపించింది. బ్యాటరీలు మార్చింది. ఈసారి 78/46. బీపీ ఎక్కువైందని ఆరేళ్లుగా మాత్రలు మింగుతున్నవాడికి ఆ అంకె చూస్తే మిషనే పాడైందనిపిస్తుంది. చెయ్యి మార్చి చూసినా అంతే.

"ఏమండీ, పొద్దున్న మాత్ర వేసుకున్నారా?"

"నువ్వే ఇచ్చావు కదా, కాఫీ తాగాక."

"అయ్యో, కాఫీకి ముందే మీరు వేసుకోవడం చూశానండీ! మర్చిపోయి మళ్లీ నేనూ ఇచ్చేశాను."

అప్పుడు లెక్క మొదలైంది. ముందురోజు రాత్రి అబ్బాయితో ఫోన్లో గొడవపడి, ఆ టెన్షన్‌లో బీపీ చూస్తే 168 ఉంది. రాత్రి మాత్ర అప్పటికే వేసుకున్నా, ఇంకొకటి వేసుకుని పడుకున్నాను. అంటే రాత్రి రెండు, పొద్దున్న రెండు. అసలు సంగతి మాత్రం అది కూడా కాదు.

108కి ఫోన్ చేశాం. వచ్చేదాకా నేలమీద పడుకోబెట్టి, కాళ్లకింద రెండు దిళ్లు పెట్టింది. వంటింట్లోంచి మందులున్న బిస్కెట్ డబ్బా ఉన్నపళంగా తెచ్చి ఒళ్లో పెట్టుకుని అంబులెన్స్ ఎక్కింది. ఆ పని నాకు తోచేది కాదు. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) క్యాజువాల్టీలో మొదటి ప్రశ్నే "ఏం వేసుకున్నారు, ఎప్పుడు వేసుకున్నారు?" నేను తెల్లమాత్ర, చిన్న మాత్ర అని నసుగుతుంటే, డ్యూటీలో ఉన్న డాక్టరమ్మాయి డబ్బాలోంచి రెండు స్ట్రిప్పులు తీసి లైటు కింద తిప్పి చూసింది.

"అంకుల్, రెండింట్లోనూ ఆమ్లోడిపిన్ ఉంది."

ఒకదానిమీద పెద్దక్షరాల్లో ఒక పేరు, రెండోదానిమీద వేరే పేరు. కింద చీమ తలకాయంత అక్షరాలు. పాతది బీపీ తగ్గించే ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు. కొత్తది ఇంకో బీపీ మందు టెల్మిసార్టన్ 40, ఆమ్లోడిపిన్ 5 కలిపినది. రెండు వారాల క్రితం వేరే క్లినిక్‌కి వెళ్లినప్పుడు రాత్రిపూట వేసుకోమని రాసింది అది. పాతది ఆపమని అక్కడి డాక్టరు చెప్పలేదు, పాత చీటీ నేను చూపించలేదు. పాత డాక్టరుకి తెలియకుండా వెళ్లానన్న మొహమాటంతో చీటీ జేబులోంచి బయటికి తీయలేదు. నిజం చెప్పాలంటే తప్పులో పెద్ద వాటా నాదే. అలా పన్నెండు రోజులు రెండూ మింగాను. చివరి పన్నెండు గంటల్లోనే ఇరవై మిల్లీగ్రాముల ఆమ్లోడిపిన్ లోపలికి పోయింది. మామూలుగా రోజుకి పది దాటించరట.

ఈసీజీ తీశారు, షుగర్ చూశారు, పొటాషియం, క్రియాటినిన్‌కి రక్తం తీసుకున్నారు. సెలైన్ పెట్టారు. మధ్యమధ్యలో డాక్టరమ్మాయి వచ్చి వీపుమీద స్టెతస్కోపు పెట్టి వినేది, ఎక్కువ ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందని. తర్వాత మానిటర్ చూస్తూ కాల్షియం ఇంజెక్షన్ నెమ్మదిగా ఎక్కించారు. ఒళ్లంతా వేడెక్కినట్టయింది. ఆమ్లోడిపిన్ రక్తనాళాల గోడల్లోకి కాల్షియం వెళ్లకుండా అడ్డుకుని వాటిని సడలిస్తుందట. అందుకే దానికి విరుగుడుగా కాల్షియం.

మధ్యాహ్నానికి బీపీ 92 అయింది. "ఇంక ఇంటికెళ్లొచ్చా?" అన్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు. "ఇది నిదానంగా పనిచేసే మందు అంకుల్. వేసుకున్న ఆరు నుంచి పన్నెండు గంటలకి రక్తంలో ఎక్కువగా ఉంటుంది. సగం తగ్గడానికే ముప్పై నుంచి యాభై గంటలు పడుతుంది. పొద్దున్న వేసుకున్నవి ఇంకా పూర్తిగా పైకి రాలేదు."

డాక్టరమ్మాయి మాటే నిజమైంది. సాయంత్రం ఐదింటికి మళ్లీ 84కి దిగింది. ఆ రాత్రి పావుగంటకోసారి పట్టీ చెయ్యి బిగించేది. కాస్త కునుకు పడుతుందనగా బుస్సుమని మొదలు. మూత్రం ఎంత వస్తోందో సీసాలో కొలిచి రాసుకున్నారు. సిగ్గుపడే ఓపిక కూడా లేదు నాకు. పక్క మంచం పెద్దాయన, అనకాపల్లి వైపు మనిషి, "ఏటి బాబూ, బీపీ తక్కువైనా ఆసుపత్రేనా?" అని ఆశ్చర్యపోయాడు.

రెండోరోజు సాయంత్రానికి లేచి నిలబడితే 108/70. మర్నాడు పంపించారు. మూడురోజులు ఏ బీపీ మాత్రా వద్దన్నారు, పూటపూటా చూసి రాసుకోమన్నారు. నాలుగోరోజు ఆ కాగితం చూసి టెల్మిసార్టన్ 40 ఒక్కటే మొదలుపెట్టారు. పాత స్ట్రిప్‌లో ఏడు మాత్రలు మిగిలాయి. పారెయ్యడానికి మా ఆవిడకి మనసొప్పలేదు కానీ, నేనే చెత్తబుట్టలో వేశాను.

మొన్న మా వీధి మందులషాపులో కుర్రాడు ఇంకో కంపెనీ స్ట్రిప్ ఇచ్చి "అదే మందు సార్, పేరు వేరంతే" అన్నాడు. జేబులోంచి కళ్లజోడు తీసి, వెనక్కి తిప్పి, చిన్నక్షరాలు ఒక్కొక్కటీ చదువుకున్నాను. వెనకనున్నాయన గొణిగాడు. గొణగనీ అని మళ్లీ మొదట్నుంచి చదివాను.