నాయిన తువాల, మా రాజుగాడు

నాయిన పోయి నెల దాటింది. నిన్న దేవరకొండ దగ్గర మా బత్తాయి తోటకు పోయాను. మోటారు పక్కన కొట్టంలో ఆయన తువాల ఇంకా అట్లనే వేలాడుతోంది. దాని కిందే మా కుక్క రాజుగాడు పడుకుని ఉన్నాడు.

తువాల తీసి వాడి ముందు పెట్టాను. చాలాసేపు వాసన చూశాడు. తర్వాత లేచి, నాయిన రోజూ వచ్చే గట్టు వైపు చూస్తూ నిలబడ్డాడు. నాకు గొంతు పూడుకుపోయింది.

కుక్కకు ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. కానీ మన ముక్కులో వాసన పట్టే కణాలు 50, 60 లక్షలైతే, దానికి 20 కోట్ల పైనే. నాకది ఉతకని పాత గుడ్డ. వాడికి అందులో నాయిన చెమట, బీడీ, బత్తాయి ఆకు, ఇంకా ఏమేం ఉన్నాయో!

2016లో బుడాపెస్ట్ శాస్త్రవేత్తలు స్కానర్‌లో కదలకుండా పడుకునేలా నేర్పిన కుక్కల మెదడు చూశారు. మెచ్చుకునే మాట, మెచ్చుకునే గొంతు రెండూ కలిసినప్పుడే వాటి మెదడులో సంతోషానికి సంబంధించిన భాగం బాగా స్పందించిందట. అంటే ఉత్త గొంతే కాదు, మాట కూడా వింటాయి.

"నాయిన ఇక రాడురా" అని మెల్లగా చెప్పాను. తోక ఊపాడు. 'నాయిన' అన్న మాట ఒక్కటే వాడికి అందినట్టుంది.

తువాల అక్కడే పెట్టి వచ్చాను. ఉతకొద్దని అమ్మకు చెప్పాను.