శ్రుతి దించుకుంటే తప్పేటి?

2025 మే 17, శనివారం నాడు ముంబైలోని మహాలక్ష్మి రేస్‌కోర్సులో అమెరికా రాక్ బృందం గన్స్ ఎన్ రోజెస్ కచేరీ జరిగింది. బరంపురం నుంచి నేను, రాయగడ నుంచి మా బావ, భువనేశ్వర్‌లో చదువుకుంటున్న మా మిత్రుడి చెల్లెలు కలిసి వెళ్లి విని వచ్చాము. కచేరీ ఎలా ఉందని అడిగినవారికి ఆనాటి నుంచి ముగ్గురమూ మూడు రకాల జవాబులు చెబుతూనే ఉన్నాము. గిటార్ల గురించి, వెలుగుల గురించి, బురద గురించి మాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ బృందం గాయకుడు, అరవై మూడేళ్ల యాక్సిల్ రోజ్ గొంతు గురించే. ఫోనులో తెగని ఈ వాదనలో నా వైపు మాటను ఒకచోట పొందికగా రాసి పెట్టుకుందామని ఈ ప్రయత్నం.

ఈ బృందం 1985లో లాస్ ఏంజెలిస్‌లో పుట్టింది. 1987 జులైలో వచ్చిన వారి తొలి ఆల్బమ్‌ను మించి అమెరికాలో అమ్ముడైన తొలి ఆల్బమ్ మరొకటి లేదు. తొంభైలలో ఒక్కొక్కరే విడిపోగా పేరు మాత్రం యాక్సిల్ దగ్గర మిగిలింది. 2012 డిసెంబరులో ఆ పేరుతో ఆయన మన దేశానికి వచ్చినప్పుడు వేదిక మీద పాతకాలం వారిలో ఆయనా, కీబోర్డు వాయించే డిజ్జీ రీడ్ తప్ప ఎవరూ లేరు. గిటార్ వాయించే స్లాష్, బాస్ వాయించే డఫ్ మెకేగన్ 2016లో తిరిగి చేరారు. కాబట్టి ఆ ముగ్గురినీ గన్స్ ఎన్ రోజెస్‌గా ఒకే వేదిక మీద చూసే అవకాశం ఇండియాలోని అభిమానులకు ఈ పర్యటనతోనే మొదటిసారి దక్కింది. తొలినాటి రెండో గిటారిస్టు ఇజ్జీ స్ట్రాడ్లిన్ ఇప్పటికీ రాలేదు, ఇక వస్తాడని నాకు ఆశ కూడా లేదు. డ్రమ్స్ దగ్గర చాలాకాలం ఉన్న ఫ్రాంక్ ఫెర్రర్ స్థానంలో 2025 వసంతంలోనే ఐజాక్ కార్పెంటర్ వచ్చాడు.

అసలు కచేరీ జరుగుతుందా అన్న అనుమానం చివరి వారం వరకూ మమ్మల్ని వదలలేదు. సరిహద్దులో ఉద్రిక్తతల వల్ల మే 9న ఆగిపోయిన ఐపీఎల్ మళ్లీ మొదలైంది కూడా సరిగ్గా ఆ 17వ తేదీనే. ఆ సాయంత్రం బెంగళూరులో జరగవలసిన ఆట వానకు కొట్టుకుపోయింది. కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో ఎక్కిన దగ్గర నుంచి బావ చూసిన వార్తలు రెండే, ఒకటి సరిహద్దు గురించి, రెండోది వాన గురించి. రైలు ప్రయాణం గురించి రాయడానికి ఇంకేమీ లేదు. సోలాపూర్ దాటాక కాస్త చల్లబడిందంతే.

మా ప్రాంతంలో ఇటువంటి సంగీతం వినేవారు మొదటినుంచీ తక్కువే. తొంభైలలో విశాఖపట్నం వెళ్లినవాళ్లు జగదాంబ సెంటరు దగ్గర కొనితెచ్చిన క్యాసెట్టు బరంపురంలో చేతులు మారి, పర్లాకిమిడి వెళ్లి, అక్కడ ఇంకో క్యాసెట్టులోకి రికార్డయి, గుణుపురం మీదుగా రాయగడ చేరేసరికి అందులో పాట కంటే బుసబుస శబ్దమే ఎక్కువగా ఉండేది. బావ ఈ బృందాన్ని అలాగే మొదట విన్నారు. ఆయనకు యాక్సిల్ గొంతు అంటే ఆ బుసబుసను చీల్చుకొని వచ్చిన గొంతు. దాన్ని మరొకలా వినడానికి ఆయన మనసు ఒప్పుకోదు. ఆ అమ్మాయి మాత్రం 2016 తరువాతి కచేరీల వీడియోలు చూసి అభిమాని అయింది. పాత ఆల్బమ్‌ను ఆమె తరువాత, వెనక్కి వెళ్లి విన్నది. ఒకే పాటకు ఇద్దరి కొలబద్దలూ వేరు కావడానికి ఇంతకంటే పెద్ద కారణం లేదని నాకు అనిపిస్తుంది.

ఇక కచేరీ విషయానికి వస్తే, స్లాష్‌కు అప్పటికి యాభై తొమ్మిదేళ్లు. ఆయన వేళ్లకు ఆ వయసు తెలిసినట్టు లేదు. మే నెల ముంబై ఉక్కపోతలో తల మీద ఆ పొడవాటి టోపీతో రెండు గంటలు దాటి నిలబడి వాయించడమే ఒక విశేషమైతే, ఒక్కొక్క సోలోను రికార్డులో ఉన్నట్టు అప్పజెప్పకుండా సాగదీసి, మలుపులు తిప్పి, మళ్లీ అందరికీ తెలిసిన చోటికి తీసుకొచ్చి దించడం మరొక విశేషం. డఫ్ బాస్ ఎక్కడా సడలలేదు. కొత్త డ్రమ్మరు వాయింపులో తొందర కొంచెం ఎక్కువని బావ అంటారు గానీ, ఆ తొందర వల్లనే కొన్ని పాటలు ముసలివాళ్ల పాటల్లా వినిపించకుండా తప్పించుకున్నాయని నా అభిప్రాయం. రాత్రి పది తరువాత లౌడ్‌స్పీకర్లు మోగకూడదన్న నిబంధన మన దేశంలో ఉన్నది. అభిమానులను గంటల తరబడి నిలబెట్టడంలో ఒకప్పుడు పేరుమోసిన గాయకుణ్ణి గడియారానికి కట్టిపడేసిన ఘనత ఆ నిబంధనకు కూడా కొంత దక్కాలి.

గొంతు సంగతి అంత సులువుగా తేలేది కాదు. యాక్సిల్‌కు మొదటినుంచీ రెండు గొంతులు ఉన్నాయి. ‘ఇట్స్ సో ఈజీ’ పాట మొదట్లో వినిపించే మంద్రమైన, గరుకైన గొంతు ఒకటి. అక్కడి నుంచి ఎగబాకి పై స్థాయిలో గీరుకుపోతున్నట్టు పలికే, ఆయనకు పేరు తెచ్చిన గొంతు రెండోది. ముంబైలో మంద్రస్థాయి గొంతు చెక్కుచెదరలేదు. దానికి వయసుతో వచ్చిన ఒక బరువు కూడా తోడయింది. పై స్థాయికి వెళ్లినప్పుడే చిక్కంతా వచ్చింది. ఆ గరుకుదనం పోయి, గాలి ఎక్కువై, తలలోంచి వచ్చినట్టుండే సన్నని గొంతు ఒకటి మిగిలింది. అభిమానులు కొంత ప్రేమతోనూ కొంత కసితోనూ దాన్ని మిక్కీమౌస్ గొంతు అంటారు. పియానో ముందు కూర్చొని పాడిన ‘నవంబర్ రెయిన్’లో కిందనున్న వరసలు ఎంత నిండుగా పలికాయో, పైకి వెళ్లిన వరసలు అంత పలచబడ్డాయి. ఆ పలచబడిన చోట్లనే వేలమంది గొంతు కలిపి నింపేశారు. చివర ‘ప్యారడైజ్ సిటీ’ వచ్చేసరికి ఎవరి గొంతు ఎవరిదో విడదీసి చెప్పే స్థితిలో మేమూ లేము.

బావ వాదన కఠినమైనది గానీ నిజాయితీ ఉన్నది. 2007 మార్చిలో ఆయన ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో బెంగళూరు వెళ్లి ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్‌ను విన్నారు. ఆ బృందంలో పాడే బ్రూస్ డికిన్సన్‌కు 2014 చివరిలో నాలుక మొదట్లో క్యాన్సరు కణితి ఉన్నట్టు తేలింది. చికిత్స చేయించుకొని తిరిగి వచ్చిన ఆయన, 2025 మే 27న బుడాపెస్ట్‌లో మొదలైన పర్యటనలో కూడా పాత పాటలను పాత శ్రుతిలోనే పాడుతున్నాడు. డికిన్సన్ చేయగలిగింది యాక్సిల్ ఎందుకు చేయలేడు, చేయలేకపోతే టికెట్లు ఎందుకు అమ్మాలి అన్నది బావ ప్రశ్న. ఆ అమ్మాయి జవాబు ఒక్క వాక్యంలో ఉంటుంది: ఆ రాత్రి తాను ఒక్క క్షణం కూడా విసుగు చెందలేదు, అది చాలు. ఈ జవాబును కొట్టిపారేయడం బావకు సులువే గానీ నాకు కాలేదు.

నా ఆలోచనను మలుపు తిప్పినది మాత్రం రాక్ సంగీతంతో ఏ సంబంధమూ లేని మా మావయ్య. ఆయనది పర్లాకిమిడి. వయసులో ఉండగా ఇటు బరంపురం నుంచి అటు పలాస, టెక్కలి వరకూ పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. నేను ఫోనులో తీసిన ముక్కను ఆయనకు చూపించాను. టోపీవాడి వాయింపు కాసేపు శ్రద్ధగా విన్నారు. యాక్సిల్ పై స్థాయికి వెళ్లగానే ఆయన చేయి తనకు తెలియకుండానే పక్కనున్న బల్ల మీద కిందికి జరిగింది. “గొంతు ఉందిరా అబ్బాయ్, మెట్టే ఎక్కువ. శ్రుతి దించుకుంటే తప్పేటి? పక్కనున్నోళ్లు చెప్పరా?” అన్నారు.

ఆయన చెప్పినదాని వెనుక పెద్ద అనుభవమే ఉన్నది. మైకులు లేని రోజుల్లో చివరి వరసలో చాప మీద కూర్చున్నవాడికి పద్యం వినపడాలంటే నటుడు హెచ్చు శ్రుతిలో పాడక తప్పేది కాదు. కృష్ణుడి వేషానికి పేరుపడ్డవారు యాభై దాటాక తగ్గు శ్రుతికి వచ్చేవారు. హార్మోనిస్టు ముందుగానే వారితో మాట్లాడుకొని మెట్టు మార్చి పట్టేవాడు. పద్యం చివర రాగాలాపన కొంత కుదించేవారు. ప్రేక్షకులకు అది తెలిసేది, తెలిసినా వన్స్ మోర్ అనేవారు. మాట స్పష్టంగా ఉన్నంతకాలం, భావం పలికినంతకాలం శ్రుతి దిగిందన్న కారణంతో లేచి వెళ్లినవాళ్లను తాను చూడలేదని మావయ్య అంటారు. కర్ణాటక సంగీతంలోనూ ఇంతే. ఒకటిన్నర శ్రుతిలో పాడిన విద్వాంసుడు పెద్దవయసులో ఒకటికో అంతకంటే కిందికో దిగితే సభలో ఎవరూ దాన్ని మోసమనుకోరు.

రాక్ అభిమానుల్లో మాత్రం దీన్ని మోసమనేవాళ్లు ఉన్నారు, మా బావతో సహా. దానికి కారణాలు లేకపోలేదు. గిటారులో వదులుగా వదిలేసిన తీగ మోగే తీరుకూ, నొక్కిన తీగ మోగే తీరుకూ తేడా ఉన్నందున, ఆ వదిలిన తీగల మీదే కట్టుకున్న వరసలు శ్రుతి మార్చాలంటే గిటార్లనే కొత్తగా శ్రుతి చేసుకోవాలి. తీగ సడలితే వేలి కింద దాని బిగువు మారుతుంది, మోత కొంచెం బొంగురుపోతుంది. అర స్వరం, అంటే హార్మోనియం మీద పక్కనున్న ఒక్క మెట్టు, దించితే నాదం పౌనఃపున్యం ఆరు శాతం లోపే తగ్గుతుంది. గాయకుడి గొంతు పగిలే చోటుకూ పగలని చోటుకూ మధ్య చాలాసార్లు ఉన్న దూరం కూడా అంతే. మెటాలికా వారు 2011 అక్టోబరు 30న బెంగళూరులో వాయించిన నాటికే ఎన్నో ఏళ్లుగా వేదిక మీద అర స్వరం దించి వాయిస్తున్నారు. ఏసీ డీసీ వారు ఇటీవలి పర్యటనలో అదే పని చేశారు. 1947లో పుట్టిన బ్రయాన్ జాన్సన్ పాడుతున్నప్పుడు అది ఎవరికైనా న్యాయంగానే కనిపించాలి. గన్స్ ఎన్ రోజెస్ విషయంలో చిన్న చిక్కు ఏమిటంటే, వారు తొలి ఆల్బమ్ నుంచే మామూలు శ్రుతికి అర స్వరం దిగువన ఉన్నారు. ఇంకా దిగాలంటే రెండో మెట్టు దిగినట్టు లెక్క.

అయినా దిగాలనే నేను అంటాను. యాక్సిల్ తన పరిమితిని ఒప్పుకోవడానికి సిగ్గుపడే మనిషి అని నేను అనుకోను. 2016లో వినికిడి దెబ్బతిని బ్రయాన్ జాన్సన్ పర్యటన నుంచి తప్పుకున్నప్పుడు, విరిగిన పాదంతో సింహాసనం లాంటి కుర్చీలో కూర్చొని ఏసీ డీసీ తరఫున పాడినది ఈయనే. అప్పుడు ముందే పెదవి విరిచినవాళ్లలో చాలామంది విన్నాక మెచ్చుకున్నారు. కూర్చొని పాడడానికి పనికివచ్చిన వినయం శ్రుతి దించడానికి ఎందుకు పనికిరాదు? ముంబై తరువాత జులై 5న బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్కులో బ్లాక్ సబ్బాత్ వీడ్కోలు కచేరీ జరిగింది, అందులో గన్స్ ఎన్ రోజెస్ కూడా వాయించారు. పార్కిన్సన్స్ వ్యాధితో నిలబడలేని బ్లాక్ సబ్బాత్ గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్ ఆ రోజు కుర్చీలో కూర్చొనే పాడారు. పదిహేడు రోజుల తరువాత ఆయన పోయారు. ఆ పాట శ్రుతిలో ఉన్నదా లేదా అని లెక్కలు తీసినవాణ్ణి నేనైతే చూడలేదు, బావ కూడా తీయలేదు. ఆ సంగతి గుర్తుచేస్తే అది వీడ్కోలు, ఇది వ్యాపారం అంటారు ఆయన. ఆ మాటలో కొంత నిజం ఉన్నదని ఒప్పుకుంటాను. టికెట్టు కొన్నవాడికి మంచి పాట వినే హక్కు ఉన్నది. నేను అడుగుతున్నది కూడా ఆ మంచి పాటనే. 1987 నాటి శ్రుతిలో పలచబడిన పాట కంటే ఒక స్వరం కింద నిండుగా పలికిన పాట అతనికి ఎక్కువ దక్కినట్టు కాదా?

ఈ మధ్య బావ తన వాదనను గొంతు నుంచి గిటారుకు మార్చారు. శ్రుతి దించితే ఆ బృందం పేరు చెప్పగానే అందరికీ గుర్తుకువచ్చే గిటారు వరస, ‘స్వీట్ చైల్డ్ ఓ మైన్’ మొదట్లోది, దాని మెరుపు పోగొట్టుకుంటుందని ఆయన అంటున్నారు. ఆ వరసలో వదిలిన తీగ ఒక్కటీ లేదు, మొత్తం గిటారు మెడ మీది పన్నెండో గడి నుంచి పదిహేనో గడి మధ్య నొక్కి వాయించేదే, కాబట్టి గిటారును కొత్తగా శ్రుతి చేయకుండానే దాన్ని రెండు గడులు కిందికి జరుపుకోవచ్చునని నేను అన్నాను. కిందికి వచ్చేకొద్దీ గడుల వెడల్పు పెరుగుతుందని, వేళ్లకు అదే వేగం రాదని ఆయన పట్టుబట్టారు. రాయగడలో ఆయన దగ్గర గిటారు ఉన్నది. వచ్చే ఆదివారం రెండు విధాలా వాయించి రికార్డు పంపుతానన్నారు. దాన్ని ఏది ఏదో చెప్పకుండా మావయ్యకు వినిపించాలన్న షరతు మాత్రం ఆ అమ్మాయి పెట్టింది.