డాబా మీది యాగి: అల్యూమినియం జాయింట్ల పని, మూడో విడత

విశాఖ తీరంలో డాబా మీదున్న 144–146 మెగాహెర్ట్జ్ యాగి యాంటెన్నా ఇది. బూమ్ (నడిమి కడ్డీ), ఎలిమెంట్లు (దాని మీది అడ్డకడ్డీలు) అల్యూమినియం, కోయాక్స్ (సిగ్నల్ తెచ్చే కేబుల్) రాగి. ఉప్పుగాలి ముందు పట్టేది ఆ రెండూ కలిసే చోటునే.

పాత జాయింట్ విప్పితే ఎలిమెంట్ మీద తెల్లటి పొడి, కోయాక్స్ అల్లిక మీద పచ్చటి చిలుము. రాగిని నేరుగా అల్యూమినియానికి బిగించడమే తప్పు. మధ్యలో ఉప్పు చెమ్మ చేరితే ఆ జంట చిన్న బ్యాటరీ అవుతుంది, అందులో తినేసుకుపోయేది అల్యూమినియమే. రాగి మీంచి కారిన వాన నీళ్లు పడినా దానికి గుంటలు పడతాయి. కాబట్టి రాగి ముక్క ఎప్పుడూ కింది వైపునే ఉండాలి.

ఈ విడతలో ఎక్కువ సమయం పట్టింది శుభ్రానికే. 220 నంబరు ఎమెరీతో మెరుపు తేలేదాకా రుద్దినా, గాలి తగలగానే ఆక్సైడ్ పొర మళ్లీ కడుతుంది. పొర పలుచనే, కానీ కరెంటును అడ్డుకుంటుంది. అందుకే జింకు పొడి కలిసిన నోఅలాక్స్ లాంటి పేస్టు పలుచగా పూసి, ఆ పేస్టు కిందే స్టెయిన్‌లెస్ బ్రష్‌తో ఇంకోసారి రుద్ది, తుడవకుండా బిగించాలి. మామూలు ఇనుప బ్రష్ వాడితే దాని నలుసులు అల్యూమినియంలో దిగి తుప్పు పడతాయి. పేస్టును ఇన్సులేటర్ మీదికి, కనెక్టర్ లోపలికి పాకనివ్వకూడదు.

బోల్టు ఎం4, 316 గ్రేడు స్టెయిన్‌లెస్. వరస ఇది: అల్యూమినియం, స్టెయిన్‌లెస్ వాషర్, టిన్ పూత ఉన్న రాగి లగ్ (కేబుల్ కొసకు వేసే, బోల్టు దూరే బిళ్ల), ఇంకో వాషర్, స్ప్రింగ్ వాషర్, నట్టు. మరలకూ కాస్త పేస్టు రాయాలి, లేకపోతే స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ పట్టేసి బోల్టు విరుగుతుంది.

కోయాక్స్ కొస విప్పి వదిలేస్తే, ఒత్తిలోకి నూనె ఎక్కినట్టు అల్లికలోకి నీళ్లు ఎక్కుతాయి. లగ్ మెడ నుంచి కేబుల్ తొడుగు దాకా లోపల జిగురున్న హీట్‌ష్రింక్ (వేడికి ముడుచుకుని బిగిసే గొట్టం) వేశాం. దానిమీద సెల్ఫ్ అమాల్గమేటింగ్ (తనకు తానే అతుక్కుపోయే) టేపును పొడవు రెట్టింపయ్యేలా సాగదీసి, సగానికి సగం కప్పుతూ చుట్టాలి. ఆఖరి చుట్టు కింది నుంచి పైకి రావాలి, ఇంటి పెంకులు పరిచినట్టు. ఎండకు తట్టుకోవడానికి పైన నల్ల పీవీసీ టేపు. వెనిగర్ వాసన వచ్చే సిలికోన్ మాత్రం వద్దు, ఆ ఆమ్లం రాగిని తింటుంది. ఆ ఆమ్లం వదలని న్యూట్రల్ క్యూర్ రకం కొనాలి. చివరగా కేబుల్‌ను కిందికి వంచి ఒక లూప్ వదిలితే నీటిచుక్క అక్కడే రాలిపోతుంది.

పొడి రోజున ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా, కేబుల్ ఎంత బాగా పొసిగాయో చెప్పే అంకె, తక్కువైతే మేలు) రాసిపెట్టుకున్నాం. వాన పడ్డాక అంకె పెరిగి, ఎండకు మళ్లీ దిగితే లోపల చెమ్మ ఉన్నట్టే. గాలికి ఎలిమెంట్ ఊగినప్పుడల్లా రిసీవర్లో చిటపటలొస్తే బోల్టు దగ్గర ఆక్సైడ్ చేరింది.

తర్వాతి పని రిసీవర్ వైపు ఆర్‌జీ-6 కేబుల్. దాని అల్లిక అల్యూమినియం, మామూలు టంకం అంటదు. కంప్రెషన్ కనెక్టరే వేయాలి.