చేత్తో కలుపుకుని తినే అన్నం పబ్‌మెడ్‌లో ఎక్కడ దొరుకుతుంది?

విజయవాడ సూర్యారావుపేట ఆసుపత్రుల మధ్య పనిచేసే నాలాంటి ఆక్యుపేషనల్ థెరపిస్టులను చాలామంది రోగులు ఇప్పటికీ ‘ఫిజియో మేడమ్’ అనే పిలుస్తారు. ఆ పిలుపుతో నాకు పేచీ లేదు. అయితే అదే గందరగోళం పరిశోధన వ్యాసాలు వెతికేటప్పుడు కూడా ఎదురవుతుందన్న సంగతిని విద్యార్థులకు ఎవరూ ముందుగా చెప్పరు. మన వృత్తి ఒక అవయవానికో, ఒక జబ్బుకో కట్టుబడినది కాదు. మనిషి రోజంతా చేసుకునే పనులే మన విషయం కాబట్టి, మనకు పనికివచ్చే పరిశోధన నరాల వైద్యం, నర్సింగ్, విద్యాశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, చివరికి ఇంజనీరింగ్ పత్రికలలో కూడా చెల్లాచెదురుగా ఉంటుంది. ‘ఆక్యుపేషనల్ థెరపీ’ అన్న రెండు మాటలు మాత్రమే కొట్టి వెతికే విద్యార్థి అందులో ఒక ముక్కను మాత్రమే చూసి, ఇంతే ఉందనుకుని వెనుదిరుగుతాడు.

మన కోస్తా జిల్లాల పిల్లలు ఈ కోర్సు కోసం వేలూరు సీఎంసీకో, చెన్నై దగ్గరి ముట్టుకాడులోని ఎన్ఐఈపీఎండీకో, కటక్ దగ్గర ఒలట్‌పూర్‌లోని ఎస్‌వీఎన్ఐఆర్‌టీఏఆర్‌కో వెళ్లడం నేను చూస్తున్నాను. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడో, ఇక్కడి ఏదైనా ఆసుపత్రిలో పని నేర్చుకుంటున్నప్పుడో థీసిస్ గుర్తుకు వస్తుంది, కాలేజీ లైబ్రరీ మాత్రం అక్కడే ఉండిపోతుంది. ఈ టపా ముఖ్యంగా వారి కోసం రాస్తున్నాను.

మన దేశంలో ఈ వృత్తికి శిక్షణ మొదలైంది 1950లో, ముంబయి కేఈఎం ఆసుపత్రిలో కమలా నింబకర్ స్థాపించిన పాఠశాలతో. రెండేళ్లకు, 1952లో, అఖిల భారత ఆక్యుపేషనల్ థెరపిస్టుల సంఘం ఏర్పడింది. అదే ఏడాది పుట్టిన ప్రపంచ సమాఖ్యకు మన దేశం వ్యవస్థాపక సభ్యురాలు. అంత పాత చరిత్ర ఉన్నా శిక్షణ ఇచ్చే కళాశాలలు తక్కువగానే ఉండటంతో భారతీయ పరిశోధన రాశి చిన్నది. ఉన్న కొద్దిదాన్నీ వదలకుండా పట్టుకోవాలంటే వెతకడం ఒక నైపుణ్యంగా నేర్చుకోవలసిందే.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మేస్త్రి ఒకరికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయిందనుకోండి. మూడు నెలల తరువాత భుజం లేస్తోంది, వేళ్లు కొంచెం ముడుచుకుంటున్నాయి. ఆయనను ఏం కావాలని అడిగితే, ‘నా చేత్తో నేను పప్పన్నం కలుపుకుని తినాలి, మా ఆవిడ చెంచాతో పెడుతుంటే సిగ్గుగా ఉంది’ అంటారు. ఈ కోరికను పరిశోధన ప్రశ్నగా మార్చాలి. ఎవరికి, ఏ చికిత్స, దేనితో పోల్చి, ఏ ఫలితం అనే నాలుగు గళ్లను కాగితం మీద గీసుకుని నింపుకోవాలి. పక్షవాతం వచ్చిన పెద్దవారికి, పని ఆధారంగా చేయించే సాధన, మామూలు వ్యాయామాలతో పోల్చి, తనంత తాను తినగలగడం. ఈ కాగితం లేకుండా కంప్యూటరు ముందు కూర్చోవద్దని నా దగ్గరకు వచ్చే విద్యార్థులకు గట్టిగా చెబుతాను.

ఇప్పుడు పబ్‌మెడ్ తెరుద్దాం. ఇది అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే, వైద్య పరిశోధన వ్యాసాల ఉచిత సూచిక, 1997 నుంచి ఎవరైనా పైసా కట్టకుండా వాడుకోవచ్చు. ఇందులో ప్రతి విషయానికీ ‘మెష్’ అనే నిర్ణీత పదజాలం ఉంది. తినడం అనగానే విద్యార్థి చేయి ‘ఈటింగ్’ అన్న మెష్ పదం మీదకు పోతుంది. దాని కింద ఉండేది ఆహారం తీసుకోవడానికి సంబంధించిన శరీరధర్మం. ఎలుకలు ఎంత తిన్నాయన్న వ్యాసాలు కూడా అందులోనే వస్తాయి. పోనీ ‘ఫీడింగ్’ అని కొడితే ముక్కు గొట్టం ద్వారా ఆహారం పెట్టడం, పసిపిల్లలకు పాలివ్వడం వచ్చి పడతాయి. మన మేస్త్రి గారి ముద్ద వీటిలో ఎక్కడా కనిపించదు. ఆ ముద్ద ఉండే చోట్లు వేరు: ‘యాక్టివిటీస్ ఆఫ్ డైలీ లివింగ్’ అన్న మెష్ పదం, ‘సెల్ఫ్ ఫీడింగ్’ అన్న మాట, చెయ్యి చాపి పట్టుకోవడాన్ని చెప్పే ‘రీచ్ టు గ్రాస్ప్’, చికిత్స వైపు నుంచి ‘టాస్క్ ఓరియెంటెడ్’, ‘టాస్క్ స్పెసిఫిక్’, ‘రిపిటిటివ్ టాస్క్ ట్రైనింగ్’. ఒకే గడిలోని పర్యాయపదాలను ‘ఆర్’తో కలిపి కుండలీకరణాలలో పెట్టి, గడికీ గడికీ మధ్య ‘యాండ్’ పెట్టాలి. ఈ రెండు మాటలనూ ఇంగ్లీషు పెద్ద అక్షరాలలోనే కొట్టాలి.

ఇక్కడ చాలామంది చూడని చిన్న సదుపాయం ఒకటుంది. అడ్వాన్స్‌డ్ పేజీలోకి వెళ్లి వెతుకులాట చరిత్రలో వివరాలు విప్పి చూస్తే, మనం కొట్టిన మాటను పబ్‌మెడ్ తనంత తాను వేటిగా మార్చుకుని వెతికిందో మొత్తం కనిపిస్తుంది. ఫలితాలు వింతగా ఉన్నప్పుడు కారణం దాదాపు ఎప్పుడూ అక్కడే దొరుకుతుంది. పదం చివర నక్షత్రపు గుర్తు పెట్టి దాని రూపాలన్నీ రప్పించుకోవచ్చు గానీ, అలా పెట్టిన పదానికి ఈ మార్పిడి ఆగిపోతుందని గుర్తుంచుకోవాలి. అలాగే పబ్‌మెడ్‌లోని ప్రధాన భాగమైన మెడ్‌లైన్ జాబితాలో లేని పత్రికల వ్యాసాలకు మెష్ పదాలే ఉండవు కాబట్టి మెష్ పదం, మామూలు మాట రెండూ వాడటం తప్పనిసరి.

ఇలా వెతికితే ఏం దొరుకుతుంది? మొదట కాక్రేన్ సమీక్షలు, అంటే ఒక ప్రశ్న మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కూడగట్టి తూచి చూసేవి. పక్షవాతం తరువాత రోజువారీ పనులలో ఇబ్బంది పడే పెద్దవారికి ఆక్యుపేషనల్ థెరపీ మీద 2006లో మొదటిసారి వచ్చి 2017లో సవరించిన సమీక్ష ఒకటి ఉంది. సవరణలో తొమ్మిది అధ్యయనాలు, 994 మంది రోగులు. రోజువారీ పనులలో మెరుగుదల కనిపించిందని చెబుతూనే, ఆ సాక్ష్యం నాణ్యత తక్కువని కూడా అదే సమీక్ష చెబుతుంది. విద్యార్థులు మొదటి సగాన్ని మాత్రమే థీసిస్‌లోకి ఎత్తి రాయడం నాకు నచ్చని అలవాటు.

రెండవది ఇంకా ముఖ్యమైనది. అటెండ్ అనే చికిత్సా పరీక్ష (క్లినికల్ ట్రయల్) మన దేశంలోనే 14 ఆసుపత్రులలో, 1250 మంది పక్షవాత రోగుల మీద జరిగింది. ఇంటివారికే శిక్షణ ఇచ్చి వారి చేత పునరావాసం చేయిస్తే ఫలితం ఉంటుందా అన్నది ప్రశ్న. 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయిన ఫలితం ప్రకారం ఆరు నెలల తరువాత మరణాలలో గానీ, ఇతరుల మీద ఆధారపడటంలో గానీ తేడా కనిపించలేదు. మన మేస్త్రి గారి భార్యకు ఏం నేర్పాలి, ఎంత ఆశ పెట్టాలి అన్న దానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం ఉండదు. కానీ ఈ వ్యాసం శీర్షికలో ఆక్యుపేషనల్ థెరపీ అన్న మాటే లేదు. తేడా రాలేదన్న ఫలితం పనికిరాని ఫలితమని అనుకునేవారు ఆ వ్యాసాన్ని పక్కన పెడతారు. నేనైతే థీసిస్ రెండవ అధ్యాయానికి దాన్నే నడుముగా పెట్టమంటాను.

ఇతర చోట్ల గురించి కొంత తొందరగా చెబుతాను. నర్సింగుకు, అనుబంధ వైద్య వృత్తులకు ప్రత్యేకించిన సినాల్ మన రంగానికి చాలా మంచి సూచిక, అయితే చందా కట్టిన సంస్థలోనే తెరుచుకుంటుంది. ఆక్యుపేషనల్ థెరపీ పరీక్షల సూచిక ఓటీసీకర్ ఆస్ట్రేలియాలో 2003లో మొదలైంది, ఉచితం. పాత పరీక్షలకు బాగుంటుంది గానీ ఒక్క దాని మీదే ఆధారపడకూడదు. 1999 నుంచి ఉన్న పెడ్రో ఫిజియోథెరపీ వారిదైనా, ప్రతి పరీక్షకూ పదికి ఇన్నని నాణ్యత మార్కులు వేసి చూపిస్తుంది కాబట్టి చేతి చికిత్స మీద పనిచేసే మనవారికీ అక్కరకు వస్తుంది. పిల్లల చేతిరాత, ఆటిజం, బడిలో సర్దుబాట్లు మీ విషయమైతే విద్యారంగ సూచిక ఎరిక్‌ను తప్పక చూడండి. మన సంఘం వారి ఇండియన్ జర్నల్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీని దాని సొంత సైట్‌లోనే, సంచిక తరువాత సంచిక తిరగేయడం మేలు. ఉన్నది కొద్దే కాబట్టి అది పెద్ద శ్రమ కాదు. భారతీయ పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలకు ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి శోధ్‌గంగ ఉంది.

వ్యాసం పేరు దొరకడం ఒకటి, పూర్తి వ్యాసం చేతికి రావడం మరొకటి. 2025 జనవరి 1న మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకంలో 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతున్నాయి, మూడేళ్లకు రూ.6,000 కోట్లు కేటాయించారు. బ్రిటిష్, కెనడియన్ ఆక్యుపేషనల్ థెరపీ పత్రికలను ప్రచురించే సేజ్, ఆస్ట్రేలియా పత్రికను ప్రచురించే వైలీ కూడా ఆ సంస్థలలో ఉన్నాయి. ప్రైవేటు కళాశాలల వారికి ఈ వాకిలి ఇంకా తెరుచుకోలేదు, అది అన్యాయమనే నా అభిప్రాయం. మీ సంస్థ పథకంలో ఉంటే ఇంటి నుంచి వాడుకునే లాగిన్ ఇవ్వమని లైబ్రేరియన్‌ను సెలవులకు బయలుదేరక ముందే అడిగి పెట్టుకోండి. లేనివారు విజయవాడ, గుంటూరు ప్రభుత్వ వైద్య కళాశాలల గ్రంథాలయాలలో గానీ, మన ఆరోగ్య విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో గానీ కూర్చుని చదువుకునే అనుమతి కోసం కళాశాల ప్రిన్సిపాల్ ఉత్తరంతో వెళ్లి అడగవచ్చు. అనుమతి ఇవ్వడం వారి ఇష్టం, అడగడం మన హక్కు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిపిన ఊరు మనది. గ్రంథాలయం గడప తొక్కడానికి మొహమాటపడటం బెజవాడ వారికి తగదు.

అన్‌పేవాల్ అనే ఉచిత ఉపకరణాన్ని బ్రౌజరులో చేర్చుకుంటే, చట్టబద్ధంగా ఎక్కడైనా ఉచిత ప్రతి ఉన్నప్పుడు పక్కనే చూపిస్తుంది. గూగుల్ స్కాలర్‌లో వ్యాసం కింద ఉండే ‘అన్ని వెర్షన్లు’ లంకెలో విశ్వవిద్యాలయాల భాండాగారాల ప్రతులు దొరుకుతాయి. ఏదీ కుదరకపోతే రచయితకు మర్యాదగా నాలుగు వాక్యాల ఈమెయిల్ రాయండి. తమ వ్యాసం ఎక్కడో విజయవాడలో ఒక విద్యార్థికి కావలసి వచ్చిందంటే సంతోషించే రచయితలే ఎక్కువ.

కొలమానాల విషయంలో మాత్రం కాస్త నిదానించాలి. రోగి రోజువారీ పనులు తనంత తాను ఎంతవరకు చేసుకోగలడో కొలిచే 1965 నాటి బార్తెల్ ఇండెక్స్‌లో తినడం ఒక అంశంగా ఉంది, కానీ అది పుట్టిన దేశంలో తినడమంటే చెంచా, ఫోర్కు, కత్తి. వేళ్లతో అన్నం కలిపి ముద్ద చేసి నోటికి అందించడానికి మణికట్టు తిరగాలి, బొటనవేలు ముద్దను ముందుకు నెట్టాలి, వేడి తెలియాలి. చెంచాతో తినగలిగితే పూర్తి మార్కులు వేసే కొలమానం మా మేస్త్రి గారి సిగ్గును కొలవదు. అందుకే ఆ కొలమానంతో పాటు, తనకు ముఖ్యమైన పనిని రోగి చేతనే ఎంపిక చేయించి మార్కులు వేయించే కెనడా వారి సీఓపీఎంను చేర్చమంటాను. ఏ కొలమానం ఎంత నమ్మదగినదో, ఏ జబ్బులో పరీక్షించారో తెలుసుకోవడానికి చికాగోలోని షర్లీ రయాన్ ఎబిలిటీ ల్యాబ్ వారి ఉచిత కొలమానాల సూచిక చాలా ఉపయోగం. తెలుగులో సిద్ధమైన వాటి కోసం ఊరికే అనువాదం మొదలుపెట్టకుండా ముందు వెతకండి: జ్ఞాపకశక్తి, ఆలోచనా సామర్థ్యాల పరీక్షకు ఐసీఎంఆర్ రూపొందించిన సాధనాల సముదాయం ఉన్న భాషలలో తెలుగు ఒకటి. మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లల కోసమైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ప్రచురణలు మన ఇంటి పక్క వనరు.

వ్యాసం చేతికి వచ్చాక నేను మొదట చూసేది ఫలితాల పట్టికను కాదు, చికిత్స వర్ణనను. ‘ఆక్యుపేషనల్ థెరపీ ఇచ్చాము’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టిన వ్యాసం ఎంత పెద్ద పత్రికలో వచ్చినా రేపు ఉదయం రోగి ముందు నాకు పనికిరాదు. ఎవరు చేశారు, ఏ సామగ్రితో, ఎక్కడ, ఎన్నిసార్లు, ఎంతసేపు, మధ్యలో ఏం మార్చారు అన్నవి ఉండాలి. వీటిని సరిచూసుకోవడానికి 2014లో వచ్చిన టైడియర్ అనే పన్నెండు అంశాల పట్టిక ఉంది. ఆ బృందానికి ముందు నిలిచిన టామీ హాఫ్‌మన్ స్వయంగా ఆక్యుపేషనల్ థెరపిస్టు కావడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు.

ఇంత వెతికినా చేత్తో అన్నం కలుపుకోవడం మీద సరిపోయేంత పరిశోధన మీకు కనిపించకపోతే, ఆ ఖాళీని థీసిస్ అంశంగా తీసుకోవచ్చు. నేల మీద కూర్చుని లేవడం, చీర కట్టుకోవడం, ముగ్గు వేయడం కూడా ఇలాంటివే. అయితే అంశం ఖాయం చేసుకునే ముందు భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో వెతకండి. ఇంకా అచ్చుకాని, నడుస్తున్న అధ్యయనాలు అక్కడ కనిపిస్తాయి. మీరు చేయబోయేది చికిత్సను పరీక్షించే అధ్యయనమైతే, 2018 ఏప్రిల్ 1 నుంచి ఆ రిజిస్ట్రీలో మొదటి రోగిని చేర్చుకోక ముందే నమోదు పూర్తి కావాలి. దానికి ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం కావాలి కాబట్టి, మీ వెతుకులాటలో వాడిన పదాలు, తేదీ, వచ్చిన ఫలితాల సంఖ్యను ఒక పేజీలో రాసి ఆ కమిటీకి పెట్టే దరఖాస్తుతోనే జతచేయండి. ‘ఇది ఇదివరకే ఎవరూ చేయలేదా?’ అన్నది సభ్యులు తరచుగా అడిగే ప్రశ్న.