బొడ్డు దగ్గర మొదటి గాటు

ఈరోజు పలమనేరు నుంచి వచ్చిన ఒకామెకి గాల్‌బ్లాడర్ తీశాం. పాత సిజేరియన్ మచ్చ నిలువుగా బొడ్డు దాకా ఉంది. తిరుపతిలో మా పీజీలు ఎప్పుడూ అడిగేదే మళ్లీ అడిగారు: "వెరెస్ సూదా, ఓపెనా సార్?" అంటే, పొట్టలోకి మొదటి దారి సూదితోనా, కోసి తెరిచా అని.

లాప్రోస్కోపీలో, అంటే చిన్న గాట్లలోంచి కెమెరాతో చేసే ఆపరేషన్‌లో, నాకు ఇప్పటికీ గుండె గట్టిగా కొట్టుకునేది ఈ మొదటి నిమిషాల్లోనే. పెద్ద గాయాలు చాలావరకు లోపలికి వెళ్లేటప్పుడే అవుతాయి. సూదితో అయితే చూడకుండా వెళ్తాం. పొర దాటగానే స్ప్రింగు మొద్దు మొనను ముందుకు తోస్తుంది, ఆ 'టక్' వేళ్లకి తెలుస్తుంది. పొట్ట ఉబ్బడానికి సూదిలోంచి గ్యాస్ పెట్టాక ప్రెషర్ 10 mmHg లోపు చూపిస్తే, సరైన చోటే ఉన్నామని ప్రాణం కుదుటపడుతుంది. హంగేరీ డాక్టర్ వెరెస్ 1930ల్లో దాన్ని తయారుచేసింది పొట్ట కోసం కాదు, క్షయ రోగుల ఛాతీ కోసం!

1971లో డాక్టర్ హాసన్ చెప్పిన ఓపెన్ పద్ధతిలో ఒక్కో పొరా కళ్లారా చూస్తూ తెరుస్తాం. అయినా పేగుకి దెబ్బ తగలదన్న గ్యారంటీ లేదు. పెద్ద గాయాల విషయంలో ఏది మేలో అధ్యయనాలు తేల్చలేదు.

బక్కపలచని వాళ్లలో బొడ్డుకీ, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం మహాధమనికీ మధ్య దూరం చాలా తక్కువ. వాళ్లకీ, పాత కోత ఉన్నవాళ్లకీ నేను ఓపెనే చేస్తాను. ఈరోజూ అంతే. బొడ్డుకి పైన తెరిచి కెమెరా పెడితే, మచ్చ కిందే కొవ్వు పొర గట్టిగా అతుక్కుని ఉంది. పేగు మాత్రం దూరంగా ఉంది.

రేపటి లిస్టులో బాగా లావుగా ఉన్న పేషెంట్ ఉన్నారు. అక్కడ పీజీ చేత సూదే పట్టిస్తాను, పక్కనే నిలబడి.