ఒకటిన్నర అంగుళం

కొత్త బీరువా గూట్లో పట్టలేదు.

మా గ్రంథాలయంలో ఉత్తరం గోడకి పాతకాలపు గూళ్ళు మూడున్నాయి. ఒక్కొక్కటీ నిలువెత్తు ఉంటుంది. వాటిలో సరిగ్గా ఇమిడేలా కర్ర బీరువాలు చేయించాలని మా సంఘం తీర్మానించింది. వడ్రంగి వచ్చి కొలతలు తీసుకున్నాడు, నెల తిరక్కుండా మొదటిది పట్టుకొచ్చాడు. నలుగురు కలిసి ఎత్తి లోపలికి నెడితే అంచు దగ్గరే ఆగిపోయింది. టేపు పెట్టి చూస్తే ఒకటిన్నర అంగుళం తేడా. వడ్రంగి కొలతలు తీసుకెళ్ళిన వారానికి కాంట్రాక్టరు మనుషులు వచ్చి, గూళ్ళలో పెచ్చులూడుతున్న పాత సున్నం గీకేసి, రెండు పక్కలా మందంగా కొత్త ప్లాస్టరింగ్ చేశారు. వడ్రంగికి ఆ సంగతి తెలీదు. మేస్త్రీకి బీరువాల సంగతి తెలీదు. ఇద్దరితోనూ రోజూ మాట్లాడేదాన్ని నేనే. నాకు రెండూ తెలుసు, అయినా రెండూ కలిపి ఆలోచించలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 31 ఏళ్ళు బ్యాంకు కౌంటర్‌లో కూర్చుని, సాయంత్రం లెక్క రూపాయి తేడా వచ్చినా అది తేలేదాకా ఇంటికి వెళ్ళని మనిషిని. రిటైరయ్యాక ఈ సంఘానికి కోశాధికారిగా ఉండమంటే ఉన్నాను. ఆ బీరువా జనం ఇచ్చిన డబ్బు.

మాది ఒడిశాలోని గంజాం జిల్లాలో ఒక చిన్న పట్టణం. బస్సెక్కితే గంటలోపే ఆంధ్రాలోని ఇచ్ఛాపురం వస్తుంది. బజార్లో ఒడియా, ఇంట్లో తెలుగు, పరీక్షల్లో ఇంగ్లీషు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా మేం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవాళ్ళం. ఆ ఏడే గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. మా తాతగారు వెళ్ళలేదు. ఆయనా, ఇంకొందరు బడిపంతుళ్ళూ, బట్టల వ్యాపారులూ కలిసి నడిపిన పఠన మందిరమే ఈ గ్రంథాలయం. 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగిన దగ్గర్నుంచి ఊరూరా ఇలాంటివి లేచాయి కదా, అందులో ఇదొకటి. తర్వాతెప్పుడో నడపలేక, స్థలమూ భవనమూ పట్టణ కౌన్సిల్‌కి అప్పగించారు. కౌన్సిల్ తీసుకుంది, తాళం చెవి కూడా తీసుకుంది. కానీ ఏటా దీనికి ఇంత ఖర్చు పెడతామని ఎక్కడా కాగితం మీద లేదు. మిగతా కథంతా ఆ లేని కాగితం చుట్టూనే.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గ్రంథాలయం మీద మంగళూరు పెంకులు సగం లేచిపోయాయి. ఊళ్ళో అందరం చందాలు వేసుకుని రెండు నెలల్లో మళ్ళీ కప్పించాం. అప్పుడు ఎంత గర్వపడ్డామో చెప్పలేను. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చింది, ఈసారి పలాస దగ్గర. మళ్ళీ కప్పు పోయింది. తుఫాను మీద నేరం మోపెయ్యడం సులువే. కానీ నేను ఆ మర్నాడు పొద్దున్నే వెళ్ళి చూశాను. కిందపడిన వాసాలు చేత్తో పట్టుకుంటే బిస్కెట్టులా విరిగిపోతున్నాయి. లోపలంతా చెద. ఎప్పుడో ఒక పెంకు జారింది, ఆ కంత లోంచి ఐదు వానాకాలాలు నీళ్ళు కారాయి. ఐదేళ్ళలో ఒక్కసారైనా మనిషిని పైకెక్కించి చూడమని ఎవరూ అనలేదు. ఎందుకంటే అది ఎవరి పనీ కాదు. చందా ఇచ్చినవాళ్ళు కౌన్సిల్ చూసుకుంటుందనుకున్నారు. కౌన్సిల్లో దానికి పద్దే లేదు.

ఇచ్ఛాపురంలో ఉండే మా చెల్లెలు ఇంటి పన్ను కట్టినప్పుడల్లా అందులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఉంటుంది. ఎవరూ అడుక్కోనక్కర్లేదు, అది దానంతటదే వస్తుంది. (వచ్చిన పన్ను గ్రంథాలయ సంస్థకి సకాలంలో చేరుతుందా అన్నది వేరే బాధ, అది అక్కడివాళ్ళనే అడగాలి.) దాని మూలం 1948 నాటి మద్రాసు గ్రంథాలయ చట్టంలో ఉంది, గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్‌గారు పట్టుబట్టి తెప్పించిన చట్టం. 1960లో ఆంధ్రప్రదేశ్ తన చట్టం తెచ్చుకున్నప్పుడు ఆ పన్ను అందులోనూ ఉంచింది. మమ్మల్ని 1936లోనే గీతకి ఇవతల పెట్టేశారు. పన్నెండేళ్ళ తేడాతో ఆ 8 పైసలు మాకు తప్పిపోయాయి. ఒడిశాలో గ్రంథాలయ చట్టం 2001లో వచ్చింది, అందులో పన్ను లేదు. గీతకి అటు ఉన్న పిల్లలకి ఒక న్యాయం, ఇటు ఉన్న పిల్లలకి ఇంకో న్యాయం. ఈ మాట నేను మీటింగుల్లో చాలాసార్లు అన్నాను, ఇక్కడా అంటున్నాను.

తిత్లీ తర్వాత మూడేళ్ళు టార్పాలిన్ కిందే గడిచింది. మధ్యలో కరోనా. ఆ తర్వాత కౌన్సిల్‌కి కొత్త ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు వచ్చారు, ఒడియా ఆయన, పుస్తకాలంటే ఇష్టం ఉన్న మనిషి. మేం వెళ్ళి అడిగితే, ఎస్టిమేటు 14 లక్షలయింది, కౌన్సిల్ 8 పెట్టగలదు, మిగతాది మీరు తేగలరా అన్నారు. ఆ 8 లక్షలు మా ఖాతాలో వెయ్యండి, మొత్తం మేమే చేయిస్తాం అన్నాం. ఆయన తల అడ్డంగా ఊపారు. ప్రభుత్వ డబ్బు టెండరు లేకుండా సంఘం చేతికి రాదు. ప్రభుత్వ భవనం గోడల మీద సంఘం సొంతంగా చెయ్యి వెయ్యకూడదు. అందుకని డబ్బు కలపకుండా పని పంచుకున్నాం. భవనానికి అంటుకుని ఉండేవన్నీ, అంటే కప్పు, గోడలు, వైరింగు, మరుగుదొడ్డి, కౌన్సిల్‌వి. కదిలేవన్నీ, బీరువాలు, కుర్చీలు, బల్లలు, బైండింగు, పుస్తకాలు, మావి. ఆడిట్‌కి ఇది చాలా శుభ్రమైన పద్ధతి. కానీ రెండు సంచులన్నప్పుడు రెండు టేపులు కూడా ఉంటాయని నాకు అప్పుడు తట్టలేదు.

ఆరు లక్షలు పోగెయ్యడం గురించి రెండు మాటలు. కంపెనీల చట్టం షెడ్యూల్ 7లో పబ్లిక్ లైబ్రరీల ఏర్పాటు కూడా ఉంది, అంటే పెద్ద కంపెనీలు తమ లాభాల్లో సమాజం కోసం ఖర్చు పెట్టాల్సిన 2 శాతంలోంచి (దాన్నే సీఎస్‌ఆర్ అంటారు) దీనికి ఇవ్వొచ్చు. అయితే సంఘానికి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ గుర్తింపులు ఉండాలన్నారు, సీఎస్‌ఆర్-1 ఫారం నింపి నంబరు తెచ్చుకోవాలన్నారు, మూడేళ్ళు అలాంటి పనులు చేసినట్టు చూపించాలన్నారు. అవన్నీ సర్దుకోవడానికి మాకు ఏడాది పట్టింది. ఒక కంపెనీ రెండు లక్షలిచ్చింది. మిగిలిన నాలుగూ ఇంటింటికీ తిరిగి తెచ్చినవే.

మా వీధి చివర అప్పడాలు చేసి అమ్మే ఒక పెద్దావిడ ఉంది. ఓ మధ్యాహ్నం చేతులకి పిండి అలాగే ఉండగా వచ్చి, కొంగు ముడి విప్పి 500 ఇచ్చింది. నేను రసీదు పుస్తకం తీశాను.

"పేరెందుకమ్మాయ్, పుస్తకాలకే కదా."

"పేరు రాయకపోతే లెక్కలో ఇబ్బంది పిన్నీ. పేర్లు లేని విరాళాలు పెరిగితే సంఘం పన్ను కట్టాల్సొస్తుంది."

"అయితే మా ఆయన పేరు రాయి. ఆ కిటికీ పక్క బల్ల దగ్గరే కూకొని పేపరు చదివీవోరు."

ఆయన పోయి పదేళ్ళు దాటింది. ఇచ్చిన మనిషి పేరే రాయాలి పిన్నీ, అని ఆమె పేరు రాసి, పైకి చదివి వినిపించాను. రసీదు మీద తన పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చూపించాను. తర్వాత ఒకసారి వాళ్ళింటికి వెళితే ఆ కాగితం పోపుల పెట్టెలో జీలకర్ర గిన్నె కింద మడిచి ఉంది.

అలాంటి డబ్బు మళ్ళీ ఐదేళ్ళకి చెదల పాలు కాకూడదు. అందుకే ఒప్పందం రాసే దగ్గర నేను మొండికేశాను. కౌన్సిల్‌తో రాసుకున్న కాగితంలో మొదటి ఆరు అంశాలకీ ఎవరికీ పేచీ లేదు. ఏడోది నేను పెట్టమన్నది: బాగుచేశాక ఏటా దీని మీద కౌన్సిల్ ఇంత ఖర్చు పెడుతుంది అని.

ఈ ఆలోచన నా సొంతం కాదు. నూటపాతికేళ్ళ కిందట అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ ప్రపంచమంతటా 2,500కి పైగా గ్రంథాలయాలకి డబ్బిచ్చినప్పుడు పెట్టిన షరతు ఇదే. స్థలం ఊరు ఇవ్వాలి, ఆయనిచ్చిన దాంట్లో పదోవంతు ఊరు ఏటా నిర్వహణకి కేటాయించాలి. ఒప్పుకోని ఊరికి డబ్బు లేదు. న్యూయార్క్‌కి 1901లో 52 లక్షల డాలర్లు ఇచ్చినప్పుడూ, స్థలాలూ నిర్వహణా నగరానివే. మా మేనకోడలు అక్కడే ఉంటుంది. ఐదో అవెన్యూ మీద కొత్తగా బాగుచేసిన లైబ్రరీ ఫొటోలు పంపింది. ఒక గ్రీకు దాత సంస్థ 2017లో ఐదున్నర కోట్ల డాలర్లిస్తే, నగరం అంతకంటే చాలా ఎక్కువ వేసుకుని 2021లో తెరిచారట. నన్ను ఆకట్టుకున్నది ఆ భవనం కాదు. దాత ఇచ్చినదంతా కట్టడానికి పోసెయ్యకుండా, కొంత అక్కడ జరిగే కార్యక్రమాలకి నిధిగా పక్కన పెట్టారు. అంత పెద్ద డబ్బున్నవాళ్ళే రేపటి గురించి అలా ఆలోచిస్తే, అప్పడాల డబ్బు పెట్టే మేం ఇంకెంత ఆలోచించాలి?

మా సంఘంలోనే కొందరు వద్దన్నారు. "ముందు డబ్బు రానియ్యండమ్మా, ఇప్పుడే షరతులంటే ఆ ఎనిమిదీ పోతాయి" అన్నారు మా కార్యదర్శి మేష్టారు. ఆయనంటే నాకు గౌరవం. అయినా సంతకం పెట్టనన్నాను. నాలుగు నెలలు ఆగింది. రోడ్డు మీద కనబడ్డవాళ్ళల్లా "పని మొదలవలేదేం?" అని అడుగుతుంటే ఎంత టెన్షన్ పడ్డానో నాకే తెలుసు. అంతా బ్యాంకులోనే ఉంది, వడ్డీతో సహా, అని పాస్‌బుక్కు బ్యాగులో పెట్టుకుని తిరిగేదాన్ని.

చివరికి ఎగ్జిక్యూటివ్ ఆఫీసరుగారు పిలిచి, పదోవంతు అంటే లక్షా నలభై వేలు, కౌన్సిల్ అంత మొయ్యలేదు, ఏం చేద్దాం చెప్పండి అన్నారు. నేను ఒడియాలో, "ఆజ్ఞా (అంటే అయ్యా), అంకె తగ్గించండి, వాక్యం మాత్రం తియ్యకండి" అన్నాను. లక్షకి కుదిరింది. కరెంటు, చిన్న మరమ్మతులు, పేపర్లు అందులోంచి. అటెండరు జీతం కౌన్సిల్ మామూలు జీతాల పద్దులోంచి. ఏటా మేలో ఒకసారి, సెప్టెంబరు ఆఖర్న ఒకసారి మనిషి కప్పెక్కి చూసి, రిజిస్టరులో సంతకం పెట్టాలి. ఆ సెప్టెంబరు మాట ఆయనే కలిపారు. తుఫాన్లు మనకి అక్టోబరులోనే వస్తాయి కదా మేడమ్, అన్నారు.

పుస్తకాల దగ్గర ఇంకో చర్చ జరిగింది. మా డబ్బంతా తెలుగు పుస్తకాలకే పెడదామని కొందరన్నారు. ఆ మాట వెనకున్న బెంగ నాకు తెలుసు. నా మనవలకే తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. కానీ పొద్దున్నే వచ్చి పోటీ పరీక్షలకి చదువుకునే పిల్లల్లో సగానికి పైగా ఒడియా వాళ్ళు. ఊరి గ్రంథాలయం బాగుచేస్తున్నాం అని చందా అడిగి, ఒక గుమ్మం మూసెయ్యడం నా మనసు ఒప్పుకోలేదు. బీరువాలు రెండు భాషలకీ చేయించాం. దాంతో పాటు మేనకోడలు చెప్పిన పద్ధతిలోనే 60 వేలు విడిగా డిపాజిట్ వేశాం. ఆ వడ్డీతో పలకలు, వాచకాలు కొంటున్నాం. శనివారం సాయంత్రాలు ఏడుగురు పిల్లలు వచ్చి అ ఆలు దిద్దుతున్నారు. అందులో ఒక పాప ఒడియా అమ్మాయి, పక్కింటి స్నేహితురాలితో వచ్చేస్తోంది. "ళ" రాయడం అందరికంటే ఆ పాపకే బాగా వచ్చింది.

బీరువా సంగతి చెప్పాలి. వడ్రంగి పక్క చెక్కలు ఊడదీసి, చెరో ముప్పావు అంగుళం చిత్రిక పట్టి మళ్ళీ బిగించాడు. రెండు రోజుల పని. ఆ కూలి సంఘం లెక్కలో రాయలేదు, నేనిచ్చాను. మిగతా రెండు బీరువాలకి ప్లాస్టరింగ్ ఆరాక కొలతలు తీశాడు. అప్పట్నుంచి గుమ్మం పక్క మేకుకి ఒక నోటుబుక్కు వేలాడదీశాం. మేస్త్రీ అయినా, ఎలక్ట్రీషియన్ అయినా, వడ్రంగి అయినా ఇవాళ ఏం చేశారో, రేపు ఏం చేస్తారో అందులో రాయాలి. కౌన్సిల్ జూనియర్ ఇంజనీరు, నేను పొద్దున్నే చూసి సంతకం పెట్టేవాళ్ళం. ఎలక్ట్రీషియన్ స్విచ్‌బోర్డు సరిగ్గా మూడో బీరువా వెనక పడబోతుంటే ఆ పుస్తకమే పట్టుకుంది.

ఈ మార్చిలో కౌన్సిల్ బడ్జెట్ కాపీ అడిగి తెచ్చుకున్నాను. గ్రంథాలయం నిర్వహణ అని ఒక వరస ఉంది, ఎదురుగా లక్ష ఉంది. ఫొటో తీసి మేష్టారికి పంపాను. ఆయన ఫోన్ చేసి, "ఏడో అంశం మంచిదేనమ్మా" అన్నారు.

ఇది చదువుతున్నవాళ్ళలో విరాళం ఇచ్చినవాళ్ళు చాలామంది ఉంటారు. మే 31లోగా దాతల వివరాలు ఆదాయపు పన్ను వాళ్ళకి దాఖలు చెయ్యాలి. ఇంకా 11 మంది పాన్ నంబరు ఇవ్వలేదు. సోమవారం తప్ప రోజూ సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా గ్రంథాలయంలోనే ఉంటాను, కిటికీ పక్క బల్ల దగ్గర.