కడ్డీల స్టాండు, ముక్కల గొట్టాలు: మూడో వారానికి అయిన పని

మా వర్క్‌షాపులో గోడకు ఆనించి ఉన్న పొడవాటి లోహపు కడ్డీలన్నీ ఈ వారంతో స్టాండెక్కాయి. 6 మీటర్ల కడ్డీని విశాఖ గాజువాక ఆటోనగర్‌లోనే సగానికి కోయించి తేవడంతో అన్నీ 3 మీటర్లలోపే ఉన్నాయి.

స్టాండుకు వాడింది 40×40×5 మి.మీ. యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుప పట్టీ). మొదట రెండు కాళ్లే పెడితే 8, 10 మి.మీ. చువ్వలు నడుమ కుంగాయి. ఇప్పుడు మీటరు ఎడంలో మూడు కాళ్లు, రెండు చివరలా అర మీటరు బయటికి. గుండ్రటి ఇనుప కడ్డీ బరువు తెలియాలంటే వ్యాసాన్ని మి.మీ.లో వర్గం చేసి 162తో భాగించాలి, మీటరుకు కిలోలు వస్తాయి. 40 మి.మీ. ఇనుప కడ్డీ 3 మీటర్లకు 29.6 కిలోలు! అందుకే లావువి అన్నిటికంటే కింది అరలో. ఆ అర కూడా నేలకు 300 మి.మీ. పైనే ఉండాలి, వానాకాలంలో గచ్చు చెమర్చుతుంది.

అసలు చిక్కు కోయగా మిగిలిన ముక్కలతోనే. ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్, మామూలు ఇనుము), ఈఎన్-8 (కార్బన్ ఎక్కువున్న ఉక్కు) పక్కపక్కన పెడితే కంటికి ఒకటే. సుద్దతో రాసింది నూనె తగలగానే పోతుంది. చివర రంగు వేస్తే, ఎవరో ఒకరు ఆ చివరే కోస్తారు. కాబట్టి నిలువునా ఈ కొస నుంచి ఆ కొస దాకా సన్నటి ఎనామిల్ గీత: ఎం.ఎస్.కు ఎరుపు, ఈఎన్-8కు నీలం, 6061 రకం అల్యూమినియానికి తెలుపు, 6063 రకానికి ఆకుపచ్చ. ముందు థిన్నర్‌తో తుడవకపోతే గీత పెచ్చులూడుతుంది. పేరు తెలియని ఇనుప ముక్కను గ్రైండరు రాయికి ఆనించి, తెలిసిన ముక్కతో రవ్వలు పోల్చాలి: ఈఎన్-8 రవ్వలు ఎక్కువగా చీలి పూలు విరజిమ్ముతాయి. ఇత్తడి, అల్యూమినియం మాత్రం ఆ రాయికి తాకించకూడదు, మెత్తటి లోహం అంటుకుని రాయి పూడిపోతుంది.

ముక్కలకు 110 మి.మీ. పీవీసీ గొట్టాలు, 250, 400 మి.మీ. పొడవుల్లో, కాస్త వెనక్కి వాల్చి. అడుగు మూసేస్తే రంపపు పొడి, చెమ్మ చేరి ముక్క కింది కొస తుప్పు పడుతోంది. ఇప్పుడు అడుగున మూత లేదు, చెక్క పట్టీల మీద నిలబెట్టాం. 100 మి.మీ.కు తక్కువవి డబ్బాల్లోకి. 50 లోపు ఇనుము తుక్కుకే, ఇత్తడి మాత్రం ఎంత చిన్నదైనా ఉంచాలి.

సముద్రపు గాలికి ఉప్పు పట్టిన కడ్డీని నేరుగా నూనెతో తుడిస్తే ఉప్పు నూనె కిందే ఉండిపోతుంది. ముందు తడిగుడ్డ, వెంటనే పొడిగుడ్డ, ఆ తర్వాతే నూనె.

స్టెయిన్‌లెస్ స్టీలు (ఎస్ఎస్) అర ఇంకా మిగిలింది. ఇనుప పొడి అంటితే ఎస్ఎస్ 304 మీద కూడా తుప్పు మరకలు లేస్తాయి, కనుక ఆ అర కాళ్ల మీద రబ్బరు పట్టీ అతికించాకే కడ్డీలు పెడతాం.